జవాబు నుంచి వెనక్కి

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి)



నాది 1989 పదో తరగతి బ్యాచ్, బి సెక్షను, తెలుగు మీడియం. ఇప్పుడు బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాను. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నువ్వు చేసే పని గురించే చెప్పు. తెలుగులో చెప్పు. అందరికీ అర్థమయ్యేలా చెప్పు" అన్నారు. మొదటి మూడూ ఫరవాలేదు. నాలుగోదే కష్టం. ఎందుకు కష్టమో ముందుగా ఒప్పుకుంటాను.

నాలుగేళ్ల క్రితం ఊరికి వచ్చినప్పుడు మన ఫిజికల్ సైన్సు మాస్టారి ఇంటికి వెళ్లాను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయి అప్పటికి నెల. "లోపల కొత్త కటకాలు పెట్టారురా, గోడ మీద క్యాలెండరు చదువుతున్నాను" అని సంబరపడ్డారు. తర్వాత అడిగారు, "ఇంతకీ నువ్వేం చేస్తున్నావు?" అని. నేను, "కంప్యూటర్ మీద పని మాస్టారూ. కొంచెం కాంప్లికేటెడ్. చెప్పినా అర్థం కాదు" అన్నాను. ఆయన "సరేలే, కాఫీ తాగు" అన్నారు. మళ్లీ అడగలేదు.

బస్సెక్కాక తెలిసింది నేనేమన్నానో. కాంతి అంటే ఏమిటో నాకు మొదట చెప్పిన మనిషితో, కాంతి గురించి చెబితే నీకు అర్థం కాదన్నాను. మాస్టారు ఇవాళ ముందు వరుసలో ఉన్నారు. కాబట్టి ఈ ఇరవై నిమిషాలు ముందుగా ఆయనకు బాకీ. మిగతావాళ్లు కూడా వినండి.

పదో తరగతిలో కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కొవ్వొత్తి, కటకం, తెల్లకాగితం అంటించిన అట్టముక్క, మీటరు స్కేలు. వేపచెట్టు పక్క గది మన లాబ్. అందులో మూడడుగుల బల్లలు రెండు. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే కొవ్వొత్తి ఆరిపోతుంది. గ్రూపుకి ఆరుగురం. తెర ఎక్కడ పెట్టినా మంట బొమ్మ మసకగానే ఉంది. బెల్లు కొట్టే వేళయింది.

నాభ్యంతరం 20 సెంటీమీటర్లని సీనియర్ల రికార్డుల్లో ఉంది. నేను సూత్రంలో వేసి వెనక్కి లెక్క కట్టాను. వస్తు దూరం 30 అయితే ప్రతిబింబ దూరం 60 రావాలి. 40 అయితే 40. 25 అయితే 100. ఇలా ఐదు రీడింగులు రాసేశాను. ఐదింటికీ సరిగ్గా 20. నా రికార్డు చూసి ఇద్దరు కాపీ కొట్టారు కూడా. ఆ ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

మాస్టారు రికార్డు చూసి నన్ను లేపారు. "ఈ ఆఖరిది, 25కి 100. కొవ్వొత్తి నుంచి తెర దాకా మొత్తం ఎంత?" "125 మాస్టారూ." "మన బల్ల ఎంత?" "మూడడుగులు." "అంటే 91 సెంటీమీటర్లు. మరి తెర ఎక్కడ పెట్టావురా, వేపచెట్టుకి కట్టావా?" క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "లెక్కలో కుదిరింది. బల్ల మీద కుదరలేదు. శనివారం ఉండిపో, మళ్లీ చేద్దాం" అన్నారు. ఆ శనివారం కొవ్వొత్తికి గాలి తగలకుండా ఆయనే చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. 19.4 వచ్చింది, 20.8 వచ్చింది, 20.3 వచ్చింది. "చూశావా, మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఇవీ రీడింగులంటే" అన్నారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, జవాబు ముందు పెట్టుకుని వెనక్కి లెక్క కట్టడమే ఇప్పుడు నా ఉద్యోగం. దానికి ఇన్వర్స్ డిజైన్ అని పేరు. జీతం కూడా ఇస్తున్నారు.

అసలు విషయానికి వస్తాను. చిన్నప్పుడు మనందరం పుస్తకంలో నెమలీక దాచుకున్నాం, పిల్లలు పెడుతుందని. ఆ నెమలీకలోని నీలం, ఆకుపచ్చ రంగులు రంగు పదార్థం వల్ల వచ్చినవి కావు. ఈకలో ఉన్న వర్ణకం మన జుట్టులో ఉండే మెలనినే, ముదురు గోధుమ రంగు. ఆ మెలనిన్ సన్నటి కడ్డీలుగా ఏర్పడి, దాదాపు 150 నానోమీటర్ల ఎడంతో వరసలుగా పేర్చి ఉంటుంది. ఆ ఎడం కొంచెం మారితే రంగు మారుతుంది. ఈకను మెత్తగా నూరితే వరస చెదిరిపోతుంది, నీలం పోయి గోధుమరంగు పొడి మిగులుతుంది. అంటే రంగు పదార్థంలో లేదు, అమరికలో ఉంది. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు కూడా తర్వాతి కాలంలో పక్షి ఈకల రంగుల మీద, ముత్యాల మెరుపు మీద ఎంతో పనిచేశారు.

నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మన వెంట్రుక మందం సుమారు 50 వేల నుంచి లక్ష నానోమీటర్లు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. నెమలి తన ఈకలో చేసిన పనిని మనం గాజు పలక మీద, మనకు కావలసిన విధంగా చేయగలమా? ఇదీ ప్రశ్న. అలా చేసిన పలకను మెటాసర్ఫేస్ అంటారు.

కటకం ఏం చేస్తుందో మన బడి భాషలోనే చెబుతాను. ఉదయం ప్రార్థనకు పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎదురింటి పిల్లవాడికి రెండు నిమిషాలు, చెరువు అవతలి పిల్లవాడికి అరగంట. అందరూ ఒకేసారి బయల్దేరి, ఒకేసారి జెండా కర్ర దగ్గరికి చేరాలంటే ఏం చేయాలి? దగ్గర వాడిని దారిలో ఎక్కువసేపు ఆపాలి, దూరం వాడిని తక్కువసేపు ఆపాలి. కటకం చేసేది అదే. నడిమి నుంచి వెళ్లే కాంతికి నాభి దగ్గర, అంచు నుంచి వెళ్లేదానికి దూరం. అందుకే నడుమ గాజు మందంగా ఉండి కాంతిని ఎక్కువ ఆలస్యం చేస్తుంది, అంచున పలచగా ఉండి తక్కువ ఆలస్యం చేస్తుంది. అలలన్నీ ఒకే దశలో నాభికి చేరతాయి, అక్కడ వెలుగు పోగవుతుంది.

ఆలస్యం చేయడమే పని అయితే ఉబ్బెత్తు గాజే ఎందుకు? చదునైన పలక మీద వెంట్రుకలో వందో వంతు ఎత్తు ఉండే స్తంభాలు నిలబెడదాం. లావు స్తంభం కాంతిని ఎక్కువ ఆలస్యం చేస్తుంది, సన్న స్తంభం తక్కువ. నడుమ లావువి, అంచుకి వెళ్లేకొద్దీ సన్నవి, ఆలస్యం ఒక పూర్తి అలకు చేరినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి. స్తంభాల మధ్య ఎడం తరంగదైర్ఘ్యం కంటే తక్కువగా ఉంచితే కాంతికి అవి విడివిడిగా కనిపించవు. దూరం నుంచి తడిక ఒకే తెరలా కనిపించినట్లన్నమాట.

ఇలాంటి ఆలోచనకు మన దేశంలో పాత వేళ్లున్నాయి. 1898లోనే జగదీశ్ చంద్ర బోస్ జనపనారను మెలిపెట్టి కట్టలు కట్టి, వాటి గుండా విద్యుత్ తరంగాలను పంపి, తరంగం కంపించే దిశను తిప్పి చూపారు. కొత్త పదార్థం కాదు, అమరికే పనిచేసింది. 1956లో రామన్ గారి మేనల్లుడు పంచరత్నం, బెంగుళూరులో, అప్పటికి ఇరవై రెండేళ్లవాడు, ధ్రువణ కాంతి దశ గురించి ఒక సూత్రం కనుక్కున్నారు. 2011లో హార్వర్డ్‌లో ఫెడరికో కపాసో బృందం పలచటి బంగారు నిర్మాణాలతో కాంతి వంగే దిశను మార్చి చూపింది. 2016లో ఆ బృందమే 600 నానోమీటర్ల ఎత్తు స్తంభాలతో కంటికి కనిపించే కాంతికి పనిచేసే చదును లెన్సు చేసింది. ఆ స్తంభాలు టైటానియం డయాక్సైడ్‌వి, మన గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండే పదార్థమే. వాటిలో స్తంభాలన్నీ ఒకే కొలత. ఎంత కోణానికి తిప్పి నిలబెట్టారన్నదే ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది. ఆ తిప్పడం వెనక ఉన్నది పంచరత్నం గారి సూత్రమే. 2022 నాటికి ఇలాంటి ఉపరితలాలు దూరాన్ని కొలిచే చిన్న సెన్సర్లలో అమ్మకానికి కూడా వచ్చాయి.

మరి కంప్యూటర్ ఎందుకు? ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న లెన్సు తీసుకోండి. చీమ తలంత. స్తంభాల మధ్య ఎడం 400 నానోమీటర్లు అనుకుంటే, దాని మీద దాదాపు 49 లక్షల స్తంభాలు పడతాయి. ఒక్కొక్కటి ఎంత లావుండాలో ఎవరో ఒకరు చెప్పాలి.

కాంతి నడకకు నియమాలు 1865లోనే మాక్స్‌వెల్ రాసిపెట్టారు. ఆ సమీకరణాలను కంప్యూటర్‌కు సరిపడేలా విడగొట్టే ఒక మంచి పద్ధతిని 1966లో కేన్ యీ అనే ఆయన ప్రచురించారు. ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం కదా, అలా స్థలమంతా చుక్కలు పెట్టాలి. విద్యుత్ క్షేత్రం కొన్ని చోట్ల, అయస్కాంత క్షేత్రం వాటి నడుమ చోట్ల. పక్కవాటిని చూసి ఇది మారుతుంది, దీన్ని చూసి పక్కవి మారతాయి. అలా కాలంలో చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ వెళితే అల కదులుతుంది. చుక్కకూ చుక్కకూ ఎడం 10 నానోమీటర్లు పెడితే, ఒక మైక్రోమీటరు ఘనంలోనే పది లక్షల గళ్లు. మన మిల్లీమీటరు లెన్సు మొత్తానికి, ఎత్తు ఒక మైక్రోమీటరే తీసుకున్నా, లక్ష కోట్ల గళ్లు.

అందుకని మామూలుగా ఒక అడ్డదారి తొక్కుతారు. ఒక్కో లావు స్తంభానికి విడిగా లెక్క వేసి, ఎంత ఆలస్యం చేస్తుందో పట్టిక రాసుకుంటారు. ఎక్కడ ఎంత ఆలస్యం కావాలో చూసుకుని పట్టికలోంచి స్తంభం ఏరుకుని పెడతారు, ఎక్కాల పుస్తకం చూసి గుణకారం చేసినట్లు. కానీ ఆ పట్టిక రాసేటప్పుడు ప్రతి స్తంభం చుట్టూ తనలాంటివే ఉన్నాయనుకుంటాం. లెన్సు నడుమ అది దాదాపు నిజమే. అంచుల్లో కాంతిని బాగా వంచాలి, అక్కడ పక్కపక్క స్తంభాలు బాగా తేడాగా ఉంటాయి, ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద పడుతుంది. పట్టిక తప్పుతుంది.

అప్పుడు ప్రశ్నను తిరగేస్తాం. "ఈ ఆకారం పెడితే కాంతి ఎక్కడికి వెళుతుంది?" అని కాదు. "కాంతి అక్కడికే వెళ్లాలి, ఆకారం ఏది?" అని అడుగుతాం. జవాబు ముందు, రీడింగులు తర్వాత. నేను పదో తరగతిలో చేసిందే.

ఇందులో ఒక చిక్కుంది. ఆకారాన్ని పది వేల చిన్న ముక్కలుగా చూస్తే, ఒక్కో ముక్కను కొంచెం మార్చి, నాభి దగ్గర వెలుగు పెరిగిందా తగ్గిందా అని చూడాలంటే పది వేల లెక్కలు వేయాలి. అదంతా ఒక్క అడుగు వేయడానికి. అలాంటి అడుగులు వందలు వేయాలి. ఈ జన్మకి తెమలదు.

దీనికి విరుగుడు కూడా మాస్టారు చెప్పిన పాఠంలోనే ఉంది. కిరణ చిత్రాలు గీయించేటప్పుడు ఆయన బోర్డు మీద బాణం గుర్తులు చెరిపి తిరగేసి గీసేవారు. "బాణం తిప్పినా బొమ్మ మారదు. కాంతి వచ్చిన దారినే వెనక్కి పోగలదు" అనేవారు. ఒకసారి నేను జేబు అద్దంలోంచి వెనక బెంచీ వాళ్లను చూస్తుంటే, "నీకు వాళ్లు కనపడుతున్నారంటే వాళ్లకి నువ్వూ కనపడతావురా, నాకూ కనపడుతున్నావు" అని అద్దం లాక్కున్నారు.

ఆ సంగతే ఇక్కడ పనికొస్తుంది. ఒకచోట ముక్కను కొంచెం మారిస్తే, అక్కడి నుంచి ఒక చిన్న కొత్త అల పుడుతుంది. అది నాభికి ఎంత చేరుతుందన్నది మనకు కావాలి. పది వేల చోట్ల నుంచి పది వేల సార్లు నాభికి లెక్క వేసే బదులు, నాభి దగ్గర దీపం పెట్టి కాంతిని వెనక్కి పంపుతాం. ఒకే లెక్కలో అది పది వేల చోట్లకీ ఎంతెంత చేరిందో తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఇక్కడికి ఎంతో, ఇక్కడి నుంచి అక్కడికీ అంతే. ముందుకు ఒక లెక్క, వెనక్కి ఒక లెక్క. ఆ రెండింటినీ ప్రతి చోటా గుణిస్తే, ఏ ముక్కను పెంచాలో ఏది తగ్గించాలో మొత్తం పటం చేతికొస్తుంది. పది వేల లెక్కల పని రెండు లెక్కల్లో అయిపోతుంది. దీన్ని అడ్జాయింట్ పద్ధతి అంటారు.

ఇది కాంతి శాస్త్రంలో పుట్టింది కాదు. 1988లో ఆంటొనీ జేమ్సన్ ఇదే గణితాన్ని విమానం రెక్కల ఆకారం దిద్దడానికి వాడారు. ఇవాళ అందరూ మాట్లాడుకునే కృత్రిమ మేధకు పాఠం నేర్పే లెక్క కూడా ఈ కుటుంబానిదే, తప్పును చివరి నుంచి మొదటికి వెనక్కి పంపడం. 2015లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒకటి ఇలాంటి వెనక్కి లెక్కతో 2.8 మైక్రోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న సిలికాన్ ముక్కను రూపొందించింది. రెండు తరంగదైర్ఘ్యాల కాంతిని రెండు దారుల్లోకి విడగొడుతుంది. దాని బొమ్మ చూస్తే చెదలు తిన్న చెక్కలా ఉంటుంది. ఏ ఇంజనీరూ చేత్తో అలా గీయడు.

ఇంతవరకూ గొప్పగా ఉంది కదా. ఇప్పుడు నా తప్పు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఎర్ర లేజర్ కాంతిని బాగా వంచే చిన్న లెన్సు ఒకటి ఈ పద్ధతిలో రూపొందించాను. కంప్యూటర్ చూపిన ఫలితం ఎంత బాగుందంటే నేనే రెండుసార్లు చూసుకున్నాను. ఒక సదస్సుకు గడువు దగ్గర పడింది. మామూలుగా ఒక పరీక్ష చేయాలి. చుక్కల ఎడం సగం చేసి, మళ్లీ లెక్క వేసి, జవాబు మారలేదని చూసుకోవాలి. ఎడం సగమైతే గళ్లు ఎనిమిది రెట్లు, కాలంలో అడుగులు రెండు రెట్లు, మొత్తం పదహారు రెట్లు. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున తొమ్మిదికి తీసుకునే లెక్క ఎనిమిది రోజులు పడుతుంది. నేను ఆ పరీక్ష వదిలేశాను.

దాన్ని తయారుచేసే పని మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయిది. క్లీన్‌రూమ్‌లో ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకుని, ఎలక్ట్రాన్ పుంజాన్ని కలంలా వాడి గీసి, గీసిందాన్ని చెక్కి తీయాలి. మూడుసార్లు చేసింది. ఐదు నెలలు పట్టింది. కొలిస్తే, లెక్కలో వచ్చిన దానిలో నాలుగో వంతు కూడా రాలేదు. తప్పు తన చేతిదే అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. "ఇంకొంచెం జాగ్రత్తగా చెయ్యమ్మా" అని రెండుసార్లు అన్నాను. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒకరోజు ఆ అమ్మాయే తలుపు దగ్గర నిలబడి అడిగింది, "సార్, గడి సైజు సగం చేసి చూశారా?" అని. కొత్తవాళ్లకు నేనే నేర్పే ప్రశ్న అది.

ఎనిమిది రోజులు ఆగాం. జవాబు సగానికి పడిపోయింది. జరిగిందేమిటంటే, నా గళ్లు పెద్దవి. వంపు అంచులు గళ్లలో మెట్లు మెట్లుగా మారిపోతాయి, అక్కడ లెక్కలో చిన్న తప్పులు వస్తాయి. కంప్యూటర్ వేల ఆకారాలు వెతికి, ఆ తప్పులన్నీ కలిసి మంచి మార్కులు తెచ్చే ఆకారాన్ని ఏరుకుంది. అది మోసం చేయలేదు. ఎక్కువ మార్కులు తెమ్మన్నాను, తెచ్చింది. పైగా ఆ ఆకారంలో కొన్ని సందులు 40 నానోమీటర్లే. అంత సన్నటి సందు 600 నానోమీటర్ల లోతున అడుగు దాకా తెరుచుకోదు. ఆ సంగతి నేను లెక్కలో ఎక్కడా చెప్పనే లేదు.

తెర వేపచెట్టుకి కట్టావా అన్న మాట ఆ సాయంత్రం గుర్తొచ్చింది. 125 సెంటీమీటర్లకు 91 సెంటీమీటర్ల బల్ల. ముప్పై ఏళ్ల తర్వాత అదే తప్పు, ఈసారి నానోమీటర్లలో. తేడా ఏమిటంటే, అప్పుడు నష్టం నా ఒక్కడి శనివారం. ఇప్పుడు ఇంకొకరి ఐదు నెలలు. మా గ్రూపు మీటింగులో అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. చెప్పినంత మాత్రాన ఆ నెలలు తిరిగి రాలేదు.

తర్వాత మేమిద్దరం కలిసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి బల్ల పొడవు ముందే లెక్కలో పెట్టాం. చెక్కగలిగిన సందు కంటే సన్న సందు ఉండకూడదని నియమం. ప్రతి ఆకారాన్నీ మూడు రకాలుగా పరీక్షించాం: గీసింది గీసినట్లు, అంచులు పది నానోమీటర్లు లావైతే, పది నానోమీటర్లు సన్నమైతే. ఆ మూడింటిలో అతి తక్కువ వచ్చిన మార్కే ఆ ఆకారానికి మార్కు. ఎందుకంటే తయారీలో చెయ్యి అటో ఇటో అవుతుంది, అప్పుడూ అది పనిచేయాలి. చివరికి వచ్చిన లెన్సు కంప్యూటర్ మీద మొదటి దానంత అందంగా లేదు, మార్కులు తక్కువ. బల్ల మీద కొలిస్తే మాత్రం లెక్కకు దగ్గరగా వచ్చింది. ఐదు కొలతలు తీస్తే ఐదూ కొంచెం కొంచెం తేడాగా ఉన్నాయి. నాకు ధైర్యం వచ్చింది. ఆ అమ్మాయి దాని మీదే పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఇప్పుడు మా దగ్గర లెక్కలు మొదలుపెట్టే వాళ్లందరికీ తొలి పాఠం తనే చెబుతుంది.

కాబట్టి వెనక్కి లెక్క కట్టడం తప్పు కాదు. పదో తరగతిలో నేను చేసిన తప్పు కూడా అది కాదు. వెనక్కి కట్టిన లెక్కను ముందుకు చేసి చూడకుండా రీడింగని రాయడం తప్పు. కంప్యూటర్ వచ్చాక ఈ తప్పు చేయడం మరింత సులువైంది, ఎందుకంటే అది బొమ్మలు చాలా అందంగా వేస్తుంది.

ఇక ఒక విన్నపం చేసి ముగిస్తాను. స్వర్ణోత్సవం గుర్తుగా బడికి కంప్యూటర్లు ఇవ్వాలని మన సంఘం తీర్మానించింది. చాలా మంచి పని, నా వంతు నేనూ ఇస్తున్నాను. నిన్న బడి అంతా తిరిగి చూశాను. వేపచెట్టు ఉంది. పక్కనున్న లాబ్ గదిలో మాత్రం విరిగిన బెంచీలు, బియ్యం బస్తాలు ఉన్నాయి. ఎవరినీ తప్పు పట్టడం లేదు, గదులు చాలడం లేదు. ఇప్పటి పిల్లలు కటకం ప్రయోగాన్ని తెర మీద వీడియోలో చూస్తున్నారట. వీడియోలో కొవ్వొత్తి ఆరిపోదు. నాభ్యంతరం ప్రతిసారీ సరిగ్గా 20 వస్తుంది.

కంప్యూటర్లతో పాటు ఆ గది కూడా ఖాళీ చేయించి, ఆరు బల్లలు, ఆరు కటకాలు, ఆరు తెరలు, ఒక పెట్టె కొవ్వొత్తులు ఇద్దాం. ఒక్క కంప్యూటర్ ఖరీదు కూడా కాదు. ఖర్చు నేను పెట్టుకుంటాను. డబ్బుతో సరిపోదని నాకు తెలుసు. ఏడాదికి రెండు శనివారాలు నేను వచ్చి పిల్లలతో ఆ ప్రయోగం చేయిస్తాను. దగ్గర్లో ఉన్నవాళ్లు ఇంకో పది మంది ఒక్కో శనివారం చొప్పున పేరు ఇస్తే సంవత్సరం గడిచిపోతుంది. పేర్లు రాసుకునే పుస్తకం భోజనాల దగ్గర బల్ల మీద పెట్టించాను. నా రికార్డు కాపీ కొట్టిన ఆ ఇద్దరూ ముందుగా రాస్తే బాగుంటుంది.

మాస్టారూ, నాలుగేళ్ల క్రితం మీరు అడిగిన దానికి ఇదీ జవాబు. గాజు పలక మీద చిన్న చిన్న స్తంభాలు ఎక్కడెక్కడ పెడితే కాంతి మనం చెప్పిన చోటికి వెళుతుందో వెనక్కి లెక్క కడతాను, తర్వాత ముందుకు చేసి సరిచూస్తాను. ఇందులో ఎక్కడైనా అర్థం కాలేదంటే ఆ లోపం నాది. భోజనాలయ్యాక మీ పక్కన కూర్చుంటాను, అడగండి, మళ్లీ చెబుతాను.